పిన్ను చూసి మిషన్ జబ్బు పట్టుకోవడం ఎలా: వైర్ స్టిచ్చింగ్ మిషన్ మరమ్మతు, సంరక్షణ

ప్రెస్సులో స్టిచ్చింగ్ మిషన్ (రీలు వైరును పిన్నులుగా వంచి పుస్తకాలు కుట్టేది) మొరాయించగానే చాలామంది చేతికి ముందు వచ్చేది పానా. కనిపించిన మరనల్లా అటో చుట్టు, ఇటో చుట్టు తిప్పేస్తారు. పొద్దున దాకా చక్కగా కుట్టిన మిషన్ మధ్యాహ్నానికి వంకర పిన్నులు వేస్తోందంటే సెట్టింగులు వాటంతట అవి మారిపోయి ఉండవు. ఏదో అరిగి ఉంటుంది, లేదా ఇరుక్కుని ఉంటుంది, లేదా వైరు జారుతూ ఉంటుంది. అది తేల్చుకోకుండా నాలుగు మరలు తిప్పితే అసలు తప్పు అలాగే ఉండి, దాని పక్కన మన చేతి తప్పులు నాలుగు చేరతాయి. ఇక మెకానిక్ వచ్చినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

అందుకే మరను ముట్టుకునే ముందు పిన్నును చూడటం నేర్చుకోండి. హెడ్డులో (పిన్నును తయారుచేసి కాగితంలోకి దింపే పై భాగంలో) ఏ భాగం ఎలా ఉందో పిన్ను మీద గుర్తులు కనిపిస్తాయి. కింద చెప్పేదంతా నోటుబుక్కులకు, పాంప్లెట్లకు, పంచాంగాలకు, బిల్లు పుస్తకాలకు సెంటర్ పిన్నింగు (మధ్య మడత మీద కుట్టడం), సైడ్ పిన్నింగు (అంచు పక్కన కుట్టడం) చేసే మామూలు ఒంటి హెడ్డు మిషన్ గురించి. కాలితో పెడల్ తొక్కితే ఒక పిన్ను వేసే రకం. కంపెనీని బట్టి మరల చోటు మారుతుంది గానీ పని జరిగే తీరు దాదాపు ఒకటే.

ముట్టుకునే ముందు

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకండి. ఆపేసిన మిషన్‌కీ చక్రంలో ఊపు కాసేపు ఉంటుంది, అది పూర్తిగా ఆగేదాకా హెడ్డు దగ్గరికి చెయ్యి పోనివ్వకండి. పరీక్షలన్నీ చక్రాన్ని చేత్తో తిప్పుతూ చేయాలి. చేత్తో తిప్పినప్పుడు ఎక్కడ బిగుసుకుంటుందో వేళ్ళకే తెలుస్తుంది, మోటారు మీద నడిపితే ఆ బిగువు తెలియకముందే ఏదో ఒకటి విరుగుతుంది. వైరు ముక్కలు ఎగిరి కంట్లో పడటం ఈ పనిలో మామూలే, కళ్ళద్దాలు పెట్టుకోండి. వేలికి పిన్ను దిగితే లాగేసి పసుపు అద్ది సరిపెట్టుకునే అలవాటు మన ప్రెస్సుల్లో ఉంది. అది వద్దు. ఆస్పత్రికి వెళ్ళి చూపించుకోండి, టెటనస్ ఇంజెక్షన్ సంగతి అడగండి.

ఇంకో మాట. వైరు ఎక్కించి ఉండగా, కింద కాగితం లేకుండా పెడల్ ఎప్పుడూ తొక్కకండి. గుచ్చుకోవడానికి కాగితం లేక పిన్ను క్లించర్‌లోనే (కింద నుంచి పిన్ను కాళ్ళు మడిచే భాగంలోనే) నలిగి ఇరుక్కుంటుంది. ‘ఒకసారి ఆడుతుందో లేదో చూద్దాం’ అని తొక్కిన ఒట్టి తొక్కుడుతో క్లించర్లు, డ్రైవర్లు (పిన్నును కిందికి తోసే భాగాలు) పోయిన మిషన్లకు లెక్కలేదు.

హెడ్డులో జరిగేది ఏమిటి

పెడల్ తొక్కినప్పుడు జరిగేదంతా రెప్పపాటులో అయిపోతుంది కాబట్టి ఒక్కటే దెబ్బ అనిపిస్తుంది. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి చూస్తే ఐదు పనులు వరసగా కనిపిస్తాయి. ఫీడ్ రోలర్లు (కొన్నింట్లో పట్టి లాగే గ్రిప్పర్) రీలు నుంచి పిన్నుకు కావలసినంత వైరు లాగుతాయి. ఆ వైరు చిన్న హోల్డర్ గాడిలోకి పోతుంది, కట్టర్ దాన్ని కోస్తుంది. చాలా హెడ్లలో ఆ హోల్డర్ పావు చుట్టు తిరిగి వైరును అడ్డంగా పెడుతుంది. పైనుంచి బెండర్ దిగి రెండు కొసలనూ కిందికి వంచుతుంది, అప్పుడు వైరుకు పిన్ను ఆకారం వస్తుంది. తర్వాత బెండర్ మధ్యలో ఉన్న డ్రైవర్ ఆ పిన్నును కాగితంలోకి దింపుతుంది. కింద బల్లలో ఉన్న క్లించర్ పైకి లేచి రెండు కాళ్ళనూ లోపలికి మడుస్తుంది.

లాగడం, కోయడం, వంచడం, దింపడం, మడవడం. ఈ వరస గుర్తుంటే సగం పని అయినట్టే. పిన్ను ఏ దశలో చెడిందో కనిపెడితే ఆ దశ భాగాన్నే చూడొచ్చు, మిగతావాటి జోలికి పోనక్కర్లేదు. ఇకమీదట కాగితం మీద కనిపించే అడ్డ భాగాన్ని పిన్ను వీపు అంటాను, లోపలికి దిగేవాటిని కాళ్ళు అంటాను.

పది పిన్నుల పరీక్ష

మీరు కుట్టబోయే పుస్తకమంత మందం ఉన్న చిత్తుకాగితాల కట్ట తీసుకోండి. దాని మీద వరసగా పది పిన్నులు వేయండి. వేసిన క్రమంలో పెన్సిలుతో అంకెలు రాయండి. ఇప్పుడు కట్టను తిరగేసి వెలుగులో కాళ్ళు చూడండి, తర్వాత వీపులు చూడండి.

చూడాల్సిన మొదటి విషయం తప్పు ఏమిటి అన్నది కూడా కాదు, అన్ని పిన్నుల్లోనూ ఒకేలా ఉందా అన్నది. పదింటిలోనూ ఎడమ కాలే పొట్టిగా, ఒకే కొలతలో ఉంటే అది సెట్టింగు తప్పు. మర తిప్పితే సరవుతుంది. ఒకదానిలో ఎడమ కాలు పొట్టి, ఇంకోదానిలో కుడి కాలు పొట్టి, మూడోది బాగానే ఉంది, నాలుగోది అసలు పడనే లేదు, ఇలా ఉంటే వైరు జారుతోందనో, ఎక్కడో అడ్డం తగులుతోందనో, స్ప్రింగు బలం పోయిందనో అర్థం. దానికి ఎన్ని మరలు తిప్పినా ప్రయోజనం లేదు. ఈ ఒక్క తేడా పట్టుకోగలిగితే మెకానిక్‌కి చేసే ఫోన్లు బాగా తగ్గుతాయి.

వైరు దగ్గర మొదలుపెట్టండి

రోజూ వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం హెడ్డులో పుట్టవు. రీలుకీ ఫీడ్ రోలర్లకీ మధ్య పుడతాయి. కానీ మనం ముందు విప్పేది హెడ్డునే.

రీలు చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి, వదిలితే వెంటనే ఆగాలి. మరీ బిగుతుగా ఉంటే రోలర్లు లాగలేక జారుతాయి, కాళ్ళు పొట్టివవుతాయి. మరీ వదులుగా ఉంటే లాగుడు ఆగినా రీలు తిరుగుతూనే ఉండి వైరు ఉంగరాలు చుట్టుకుంటుంది. ఆ ఉంగరం బిగిస్తే వైరులో మడత పడుతుంది, ఆ మడత హెడ్డులోకి వెళ్ళిందంటే అక్కడ ఇరుక్కోక తప్పదు. రీలు పక్కన ఉండే బ్రేకు స్ప్రింగును ఈ రెంటికీ మధ్యలో ఉంచుకోవాలి. రీలు అయిపోవస్తున్నప్పుడు దాని బరువు తగ్గుతుంది కాబట్టి ఈ టెన్షన్ ఒకసారి మళ్ళీ చూసుకోండి.

తర్వాత స్ట్రెయిట్‌నర్. వైరు రీలుకు చుట్టి వస్తుంది కాబట్టి దానికి పుట్టుకతోనే వంపు ఉంటుంది, ఆ వంపు తీసేది ఇదే. దాన్ని దాటి వచ్చిన వైరును జానెడు లాగి, కోసి, నున్నటి బల్ల మీద పెట్టండి. ఆనినట్టు తిన్నగా పడుకుంటే బాగున్నట్టు. ఒక పక్కకు విల్లులా వంగితే వంపు ఏ వైపు ఉందో చూసి, స్ట్రెయిట్‌నర్ మరను కొద్దికొద్దిగా మారుస్తూ మళ్ళీ మళ్ళీ కోసి చూడండి. ఒక్కసారే సగం చుట్టు తిప్పకండి. వంపు ఉన్న వైరు హోల్డర్ గాడికి ఎదురుగా పోకుండా పక్కకు కొడుతుంది, కోసిన తర్వాత నిలువునా దిగకుండా ఏటవాలుగా దిగుతుంది. కాళ్ళు కాగితంలో పక్కకు తిరిగి, ఒక్కోసారి మడత గీతకు అవతల తేలే పిన్నులకు కారణం ఎక్కువసార్లు ఇదే.

వైరు గేజ్ సంగతి కొత్తవాళ్ళకు తికమకగా ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. 24 గేజ్ వైరు దాదాపు 0.56 మిల్లీమీటర్లు, 25 గేజ్ 0.51, 26 గేజ్ 0.46, 28 గేజ్ 0.38. పల్చటి పాంప్లెట్‌కు సన్న వైరు అందంగా ఉంటుంది. మందమైన సైడ్ పిన్నింగుకు అదే వైరు వేస్తే కాళ్ళు సగం దిగి మడతపడిపోతాయి. అలాగని ఏ హెడ్డులో ఏ వైరైనా వేయడానికి లేదు. బెండర్ గాడి, కట్టర్ కన్నం, హోల్డర్ గాడి ఒక హద్దులోని వైర్లకే చేసి ఉంటాయి. సన్న వైరు హెడ్డులో లావు వైరు దూరిస్తే గాడి పెచ్చు ఊడుతుంది. లావు వైరు హెడ్డులో మరీ సన్నది వేస్తే గాడిలో అటూ ఇటూ ఆడి వంకర పిన్ను పడుతుంది. గేజ్ మార్చిన ప్రతిసారీ ఫీడ్ రోలర్ల బిగువు, స్ట్రెయిట్‌నర్ రెండూ మళ్ళీ సెట్ చేసుకోవాలి. పాత రీలుతో బాగా కుట్టి, కొత్త రీలు ఎక్కించగానే మొండికేస్తే మిషన్‌ను అనుమానించకండి. మైక్రోమీటరుతో ఆ వైరు మందం కొలిచి చూడండి. చీటీ మీద అంకెకూ లోపలి సరుక్కీ పొంతన లేని రీళ్ళు దొరుకుతూనే ఉంటాయి.

సముద్రం పక్క ఊళ్ళలో, వర్షాకాలంలో తుప్పు మరో బెడద. జింకు పూత, తగరం పూత ఉన్న వైరుకైనా పూత గీసుకుపోయిన చోట తుప్పు పడుతుంది, ఏడాది తిరిగేసరికి పుస్తకం మధ్యలో ఎర్రటి మరక తేలుతుంది. వాడని రీలును పాలిథిన్ సంచీలో మూతి కట్టి పెట్టండి. మిషన్ మీద ఉన్న రీలుకు రాత్రిపూట కనీసం ఒక గుడ్డ కప్పండి.

ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి

అందరికీ ఎదురయ్యే తప్పు ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

పిన్ను కాళ్ళు రెండూ సమానంగా రావాలంటే కోసిన వైరు ముక్కను హోల్డర్ సరిగ్గా నడుమ పట్టుకోవాలి. ఒక పక్క పొడవును ఫీడ్ నిర్ణయిస్తుంది, రెండో పక్క పొడవును కట్టర్ ఉన్న చోటు నిర్ణయిస్తుంది. పుస్తకం మందం పెరిగిందని ఫీడ్ ఎక్కువ చేసి కట్టర్‌ను ఉన్నచోటే వదిలేస్తే, పెరిగిన పొడవంతా ఒకే కాలికి పోతుంది. కొత్త తరహా హెడ్లలో ఒక్క నాబ్ తిప్పితే రెండూ కలిసి కదులుతాయి. పాత హెడ్లలో వేరువేరుగా జరపాలి. ఫీడ్ ఎంత పెంచితే కట్టర్‌ను అందులో సగం జరపాలి. 4 మిల్లీమీటర్లు పెంచారంటే కట్టర్ 2 మిల్లీమీటర్లు జరగాలన్నమాట.

ఎంత తేడా ఉందో కాగితంలో దిగిన పిన్నును చూసి అంచనా వేయడం కష్టం, క్లించర్ మడిచేశాక పొడవు తెలియదు. కాబట్టి చక్రాన్ని చేత్తో తిప్పుతూ, బెండర్ వంచడం అయి డ్రైవర్ పిన్నును కిందికి తోయడం మొదలుపెట్టగానే ఆపండి. పిన్ను క్లించర్ దాకా పోకముందే పట్టకారుతో లాగేయండి. అప్పుడు నిటారు కాళ్ళతో ఉన్న పిన్ను చేతికి వస్తుంది. దాన్ని బల్ల మీద నిలబెడితే ఏ కాలు ఎంత పొట్టో స్కేలుతో కొలవొచ్చు. అలా మూడు నాలుగు తీసి పక్కపక్కన పెట్టండి. తేడా అన్నింట్లో ఒకటే అయితే కట్టర్ జరపండి.

తేడా మారుతూ ఉంటే ఫీడ్ జారుతోంది. ముందు రోలర్లను కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో మళ్ళీ తుడవండి. నూనె మనమే పోసి ఉంటాం, చాలాసార్లు దీంతోనే సర్దుకుంటుంది. అప్పటికీ జారితే రోలరును నొక్కే స్ప్రింగు చూడండి. దాన్ని కొంచెం బిగించవచ్చు గానీ, వైరు మీద పళ్ళ గాట్లు పడేంత బిగించకూడదు. ఆ గాట్ల దగ్గరే పిన్ను విరుగుతుంది. రోలరు మీద వైరు నడిచిన చోట మెరిసే గాడి పడి ఉంటే అది అరిగినట్టే. వెడల్పు రోలరైతే పక్కకు కాస్త జరిపి కొత్త చోటు మీద నడపొచ్చు, లేకపోతే మార్చాల్సిందే.

కాలు దిగకుండా నలిగిపోతుంటే

కాలు కాగితంలో సగం దిగి మడతపడటానికి మూడు కారణాలు ఎక్కువ. వైరు ఆ మందానికి సన్నదై ఉంటుంది, లేదా కట్టర్ మొద్దుబారి ఉంటుంది, లేదా బెండర్ గాడి అరిగి ఉంటుంది.

కట్టర్ సంగతి తేల్చడం తేలిక. ఇందాక చెప్పినట్టు మడవని పిన్నును బయటికి తీసి, ఫోన్ కెమెరాతో కాలి కొసను దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. కొస తెగిన చోటు నున్నగా ఉండాలి. పక్కకు కొక్కెంలా వంగిన చిన్న తునక కనిపిస్తే కట్టర్ కోయడం లేదు, నలిపి తెంపుతోంది. అలాంటి కొక్కెం కాగితాన్ని గుచ్చదు, చించుతుంది. కాలు కూడా ఆ కొక్కెం ఉన్న వైపే పక్కదారి పడుతుంది. చాలా మిషన్లలో కట్టర్ చిన్న బిళ్ళలా ఉండి ఒకటికి మించి అంచులు ఉంటాయి, విప్పి తిప్పి పెడితే కొత్త అంచు వస్తుంది. అన్ని అంచులూ అయిపోయాక సాన పట్టి నడిపేద్దామనుకోవద్దు. సాన పట్టినకొద్దీ కొలత తగ్గి, కట్టర్‌కూ దాని ఎదురు బిళ్ళకూ మధ్య సందు పెరుగుతుంది, సన్న వైరు తెగకుండా ఆ సందులోకి జారుతుంది. కట్టర్ ధరతో పోలిస్తే పాడైపోయే పుస్తకాల ధర ఎక్కువ.

బెండర్ లోపలి గాడిని వేలిగోరుతో తాకి చూడండి. రెండు పక్కలా ఒకే లోతు ఉండాలి. ఒక పక్క మెట్టులా తగిలితే ఆ పక్క కాలికి దిగేటప్పుడు ఆసరా దొరకదు, అందుకే నలుగుతుంది. డ్రైవర్ కొస చదునుగా, మూలలు చెక్కుచెదరకుండా ఉండాలి. కొన్ని మోడళ్ళలో డ్రైవర్‌ను తలకిందులు చేసి రెండో కొస వాడుకోవచ్చు.

మందం సెట్టింగు: సెంటర్ పిన్నింగులో జరిగే పొరపాటు

మందం నాబ్ సెట్ చేసేటప్పుడు సైడ్ పిన్నింగు లెక్క వేరు, సెంటర్ పిన్నింగు లెక్క వేరు. 96 పేజీల నోటుబుక్కు తీసుకోండి. అందులో 48 ఆకులు ఉంటాయి, అంటే మధ్యకు మడిచిన 24 షీట్లు. సైడ్ పిన్నింగులో పిన్ను 48 ఆకులనూ దాటాలి. 60 జీఎస్ఎం (చదరపు మీటరుకు 60 గ్రాముల) కాగితం ఒక్కొక్కటి దాదాపు 0.08 మిల్లీమీటర్లు అనుకుంటే 4 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. అదే పుస్తకాన్ని శాడిల్ (మడత పుస్తకాన్ని తెరిచి వేసే వాలు బల్ల) మీద తెరిచి మడత మీద కుడితే పిన్ను 24 షీట్లే దాటుతుంది, అట్టతో కలిపి 2 మిల్లీమీటర్ల పైచిలుకు. మూసిన పుస్తకాన్ని వేళ్ళతో నొక్కి చూసి మందం పెట్టేసేవాళ్ళు సెంటర్ పిన్నింగుకు రెట్టింపు మందం పెడుతున్నట్టే. పిన్ను వదులుగా పడి మధ్య షీట్లు ఊగులాడతాయి. నాబ్ సెట్ చేసేటప్పుడు పుస్తకాన్ని తెరిచి, కుట్టే చోటే పట్టుకుని కొలవండి.

కాలి పొడవు ఎంత ఉండాలి? కాగితం దాటి బయటికి వచ్చాక మడతకు 4 మిల్లీమీటర్ల దాకా మిగిలితే మామూలు పుస్తకానికి సరిపోతుంది. మీ హెడ్డు పిన్ను వీపు 12 మిల్లీమీటర్లు, పుస్తకం 2 మిల్లీమీటర్లు అనుకుంటే, వీపుకు 12, మందానికి రెండు పక్కలా 4, మడతకు రెండు పక్కలా 8, మొత్తం 24 మిల్లీమీటర్ల వైరు కావాలి. వీపు కొలత హెడ్డును బట్టి మారుతుంది, మీ పిన్ను మీదే కొలుచుకోండి. మడిచాక రెండు కొసల మధ్య కాస్త ఖాళీ మిగలాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే వైరు ఎక్కువైంది. మరీ దూరంగా చీమంత మడత మాత్రమే ఉంటే తక్కువైంది, ఆ పుస్తకం నాలుగుసార్లు తెరిస్తే పిన్ను ఊడి చేతికొస్తుంది.

వీపు మీద కనిపించేవి

వీపు నడుమ పైకి ఉబ్బి ఉంటే పిన్ను గట్టిగా దిగలేదు, లేదా డ్రైవర్ కొస అరిగింది. వీపు కాగితాన్ని కోసుకుని లోపలికి దిగిపోతే ఒత్తిడి ఎక్కువ, మందం నాబ్ కొంచెం పెంచండి. మూలల దగ్గర వైరు పగిలినట్టు, పూత లేచినట్టు కనిపిస్తే బెండర్ అంచు గరుకెక్కింది, లేదా వైరు మరీ గట్టిది. సన్నని ఎమరీ కాగితంతో అంచును నున్న చేయవచ్చు, ఆకురాయి మాత్రం తగలనివ్వకండి.

పిన్ను పక్కన అట్ట చిట్లడం, మడత మీద రంగు పగలడం మాత్రం మిషన్ మీద వేయాల్సిన నింద కాదు. కాగితం గ్రెయిన్ (నారలు పరుచుకున్న దిశ) మడతకు అడ్డంగా పడితే ఆర్టు కార్డు ఏదైనా పగులుతుంది. క్రీజింగు (మడిచే ముందు గీత నొక్కడం) చేయని మందపు అట్టా అంతే. దాన్ని కటింగు దగ్గరే చూసుకోవాలి.

క్లించర్

కాళ్ళు చదునుగా మడవకుండా పైకి లేచి ఉంటే బడి పిల్లల వేళ్ళు గీసుకుంటాయి. నోటుబుక్కుల ఆర్డరు వెనక్కి రావడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. క్లించర్ ఎత్తు తక్కువైతే రెండు కాళ్ళూ సమానంగా లేచి ఉంటాయి. ఒక్క కాలే లేచి ఉంటే క్లించర్ పక్కకు జరిగింది, లేదా ఆ వైపు గాడి అరిగింది.

జరిగిందా అని చూడటానికి ఒక పల్చటి అట్ట ముక్క పెట్టి చక్రం చేత్తో తిప్పండి. కాళ్ళు అట్ట దాటి క్లించర్‌ను తాకబోయే దగ్గర ఆపి, పక్కనుంచి టార్చి వేసి చూడండి. రెండు కొసలూ రెండు గాళ్ళ నడుమకు వస్తున్నాయా? రాకపోతే క్లించర్ పెట్టె మరలు సగం వదులు చేసి, వేలితో కొద్దిగా జరిపి, మళ్ళీ చూసి బిగించండి. ఎత్తు పెంచాలంటే పావు చుట్టు తిప్పి ఒక పిన్ను వేసి చూడండి, మళ్ళీ పావు చుట్టు. తొందరపడి ఒక్కసారే పెంచితే కింద క్లించర్, పైన డ్రైవర్ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. శాడిల్ నుంచి చదును బల్లకు మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి.

పిన్ను లోపల ఇరుక్కుంటే

1. ప్లగ్గు పీకండి. చక్రాన్ని వెనక్కి తిప్పి హెడ్డును పైకి తెండి. రాకపోతే బలవంతం చేయకండి, సుత్తి అసలే వద్దు.

2. ఫీడ్ రోలర్ల పైనే వైరు కోసేయండి. రోలరు ఎత్తి, మిగిలిన ముక్కను వెనక నుంచి లాగేయండి.

3. హెడ్డు ముందున్న మూత రేకు విప్పే ముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. తర్వాత ప్రతి భాగం తీసేటప్పుడూ ఒక్కో ఫొటో. చిన్న స్ప్రింగులు మూత తీయగానే ఎగురుతాయి, ఒక చెయ్యి అడ్డం పెట్టండి. తీసినవి తీసిన వరసలో పళ్ళెంలో పేర్చండి.

4. బెండర్, డ్రైవర్ బయటికి తీసి, విరిగిన ముక్కలను సన్న పట్టకారుతో ఏరండి. ఒక పిన్ను ఇరుక్కుంటే దాని వెనక ఇంకో రెండు నలిగి ఉంటాయి, అన్నీ వచ్చాయో లేదో లెక్క చూసుకోండి. గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి గోకొద్దు. ఇత్తడి ముక్కతో గానీ వెదురు పుల్లతో గానీ తోయండి.

5. భాగాలన్నీ కిరోసిన్‌లో బ్రష్షుతో కడిగి ఆరబెట్టండి. పొగ తాగేవాళ్ళను దూరంగా ఉండమనండి. గాళ్ళు, అంచులు ఇప్పుడే వెలుగులో చూసుకోండి, ఇరుక్కోవడానికి కారణం తరచుగా ఇక్కడే బయటపడుతుంది.

6. ఫొటోలు చూస్తూ తిరగేసిన వరసలో బిగించండి. వైరు ఎక్కించకుండా చక్రం చేత్తో రెండు మూడు చుట్లు తిప్పండి. ఎక్కడా పట్టకుండా తిరిగితేనే వైరు ఎక్కించి, చిత్తుకాగితాల మీద మొదటి పిన్ను కూడా చేత్తోనే వేయండి.

పెడల్ వదిలినా ఆగకపోతే

దీన్ని వాయిదా వేయకండి. ఒకసారి తొక్కితే రెండు పిన్నులు పడుతున్నాయన్నా, కాలు తీసినా హెడ్డు కొడుతూనే ఉందన్నా క్లచ్ (తిరిగే చక్రాన్ని హెడ్డుతో కలిపి, విడదీసే భాగం) విడవడం లేదు. వేళ్ళు పోయేది ఇలాంటి మిషన్ల దగ్గరే. పెడల్ వెనక్కి లాగే స్ప్రింగు సాగిందా విరిగిందా, క్లచ్ ఆపే కొక్కెం అంచు గుండ్రంగా అరిగిందా, దాని చుట్టూ కాగితపు దూళి, పాత నూనె కలిసి గట్టిపడ్డాయా, ఈ మూడూ చూడండి. స్ప్రింగు బదులు సైకిలు ట్యూబు ముక్క కట్టి సీజను వెళ్ళదీసే ప్రెస్సులు ఉన్నాయి. పని అంత అర్జెంటయితే పక్క ప్రెస్సులో కుట్టించుకోండి గానీ అలా మాత్రం నడపకండి.

మోటారు మూలుగుతూ తిరగకపోతే వెంటనే స్విచ్ ఆపండి, ఎక్కువసేపు అలా ఉంచితే చుట్టలు కాలతాయి. సింగిల్ ఫేజు మోటార్లలో తరచుగా పోయేది కండెన్సరు. దానికి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, ప్లగ్గు పీకినా కండెన్సరులో కరెంటు మిగిలి ఉంటుంది. ఎర్తు వైరు ఉందో లేదో కూడా ఆయన చేతే చూపించండి. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం లోపు లోపలికి పోవాలి. అంతకు మించి పోతే బెల్టు జారి దెబ్బ బలం తగ్గుతుంది, మందమైన పుస్తకాల్లో పిన్ను సగమే దిగుతుంది.

నూనె

రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు, హెడ్డు జారే పట్టాల మీద రెండు చుక్కలు, నూనె కన్నాలు ఉన్నచోట ఒక్కో చుక్క. కుట్టుమిషన్ నూనె లాంటి పల్చటి మిషన్ ఆయిల్ చాలు. వంటనూనె, వాడేసిన ఇంజన్ ఆయిల్ పోయకండి. వంటనూనె బంకలా గట్టిపడుతుంది, ఇంజన్ ఆయిల్‌లో ఉండే లోహపు రజను గాళ్ళను అరగదీస్తుంది. క్యామ్‌లకు, పళ్ళ చక్రాలకు గ్రీజు వేయాలి. ఫీడ్ రోలర్ల మీద, బెల్టు మీద చుక్క కూడా పడకూడదు. వైరు దారిలో ఫెల్టు ముక్క ఉంటే దాన్ని తడి తగిలీ తగలనట్టు ఉంచాలి, కారేట్టు తడిపితే అదే నూనె రోలర్లకు చేరుతుంది. నూనె వేశాక పది పదిహేను పిన్నులు చిత్తుకాగితం మీద వేయండి, లేకపోతే మొదటి పుస్తకాల మీద నూనె మచ్చలు పడతాయి.

ఎక్కువ నూనె పోస్తే మిషన్ ఎక్కువకాలం వస్తుందనే నమ్మకం ఒకటి ఉంది. కాగితం పని చేసే చోట అది తిరగబడుతుంది. కాగితపు దూళి నూనెను పీల్చుకుని ముద్ద కడుతుంది, ఆ ముద్దే హెడ్డును పట్టేస్తుంది. అందుకే వారానికొకసారి బ్రష్షుతో దూళి తీయడం నూనె వేయడంతో సమానమైన పని. గాలి పైపు పెట్టి ఊదేటప్పుడు హెడ్డు లోపలికి కాకుండా బయటి వైపుకు ఊదండి, వైరు తునకలు లోపలికి పోతే తీయడం కష్టం. నెలకొకసారి మరలన్నీ బిగువు చూడండి, దెబ్బ కొట్టే మిషన్ కాబట్టి మరలు వదులవుతూనే ఉంటాయి.

సీజనుకు ముందే

జూన్‌లో బడులు తెరిచే ముందు నోటుబుక్కుల పని, ఉగాదికి ముందు పంచాంగాల పని ఊపిరి సలపనివ్వవు. హెడ్డు పూర్తిగా విప్పి కడగడం, అరిగినవి మార్చడం ఆ రద్దీకి నెల ముందే పెట్టుకోండి. మే నెలలో కట్టర్ విరిగి, స్పేరు పార్టు కొరియరులో వచ్చేదాకా కూర్చుంటే ఆర్డరు పక్కవాడికి పోతుంది.

మన ప్రెస్సుల్లో నడిచేవాటిలో అమృత్‌సర్ తయారీ మిషన్లు చాలా కనిపిస్తాయి. చూడటానికి ఒకేలా ఉన్నా ఒక తయారీదారు కట్టర్ మరొకరి హెడ్డులో సరిగ్గా కూర్చోకపోవచ్చు. ఫోన్లో ‘స్టిచ్చింగ్ మిషన్ కట్టర్ ఒకటి పంపండి’ అంటే వచ్చేది సరిపోతుందన్న భరోసా లేదు. పాత భాగాన్ని నమూనాగా పంపండి, కుదరకపోతే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, మిషన్ మీద రేకులో ఉన్న మోడల్ నంబరుతో కలిపి పంపండి. చేతిలో ఎప్పుడూ ఉండాల్సినవి కట్టర్ జత, డ్రైవర్ ఒకటి, క్లించర్ జత, ఫీడ్ స్ప్రింగు, హోల్డర్ స్ప్రింగు, బెల్టు ఒకటి. నూనె రాసి, కాగితంలో చుట్టి, డబ్బాలో వేసి పేరు రాసి పెట్టండి. కొత్తవి వచ్చాక ఒకసారి బిగించి, చక్రం తిప్పి చూసి, సరిపోతేనే డబ్బాలోకి పంపండి. సరిపోని భాగాన్ని వెనక్కి పంపడానికి సీజనుకు ముందైతే వ్యవధి ఉంటుంది.